అక్కడ అంటే ఎక్కడ

మా ఇంట్లో మగబిడ్డల ఆ అవయవానికి పేరు లేదు. అమ్మ ‘అక్కడ’ అంటుంది. అత్తమ్మ ‘ముందర’ అంటుంది. బిడ్డకు నీళ్ళు పోసే రత్నమ్మ ఒక్కతే ఏదో ముద్దుపేరుతో పిలిచేది, అదీ బిడ్డతోనే, మాతో కాదు. నేను బయోటెక్నాలజీలో డిగ్రీ చదివాను. పరీక్షలో ఆ అవయవం బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసి, మార్కులు తెచ్చుకున్నాను. అయినా నా కొడుకు వంతు వచ్చేసరికి నా నోట్లోంచి కూడా ‘కింద’ అనే వచ్చింది. ఆ ఒక్క మాటతో మాకు ఒక పగలూ ఒక రాత్రీ పోయాయి.

ఇప్పుడు వాడికి తొమ్మిది నెలలు. సోఫా అంచు పట్టుకొని నిలబడుతున్నాడు. బాగున్నాడు. పగలు నేనూ బాగానే ఉంటాను. వాడు పడుకున్నాకే డైపర్ విప్పి చూడాలనిపిస్తుంది. చూస్తాను కూడా. ఆ చూడటం మానుకోవడానికే ఇది రాస్తున్నానేమో. మగబిడ్డను ఎత్తుకొని కొత్తగా ఇంటికి వచ్చిన తల్లి ఎవరైనా చదివితే ఇంకా మంచిది.

మొదటి రెండు నెలలు

కాన్పుకు బెంగళూరు నగర్తపేటలో అమ్మవాళ్ళింటికి వచ్చాను. కింద మా జరీ లేసుల హోల్‌సేల్ దుకాణం, పైన మా ఇల్లు. మా తాత కాలం నుంచి అక్కడే. మా ఆయన వినయ్‌ది ఊరి చివర వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున వెళ్ళేవాడు.

రత్నమ్మ రోజూ పది గంటలకు వచ్చేది. మా సందులో పుట్టిన పిల్లల్లో చాలామందికి నీళ్ళు పోసింది తనే. నాకూ పోసిందట. బచ్చలింట్లో చిన్న పీట మీద కూర్చొని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకొని నూనె రుద్దేది. ముక్కు నొక్కేది, తల గుండ్రంగా రావాలని అరచేత్తో ఒత్తేది. చివర్లో బొటనవేలితో ‘అక్కడి’ చర్మాన్ని వెనక్కి లాగి, ఒక చెంబు నీళ్ళు పోసేది.

“ఎందుకు రత్నమ్మా అట్లా?” అని మొదటి వారమే అడిగాను.

“లాగకపోతే మూసుకపోతాదప్పా. పెద్దోడైనాక పెండ్లాము వచ్చి నన్ను తిడతాది, ఏం నీళ్ళు పోసినావే ముసల్దానా అని,” అంది. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

బిడ్డ సరిగ్గా ఆ క్షణంలోనే గుక్కపట్టేవాడు. నూనె రుద్దేటప్పుడు కాదు, ముక్కు నొక్కేటప్పుడు కాదు, అప్పుడే. నేను అది గమనించాను. గమనించి ఊరుకున్నాను. బిడ్డలు నీళ్ళకు ఏడవడం మామూలేనని అందరూ అన్నారు, నేనూ అదే అనుకున్నాను.

యాభై ఎనిమిదో రోజు

రత్నమ్మ కూతురి కాన్పని మాలూరు వెళ్ళింది. మొదటి రెండు రోజులు వాడికి తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి ఊరుకున్నాం. మూడో రోజు అమ్మ, “నీళ్ళు పోయకుంటే బిడ్డకు నిద్ర లేదు పాపా, నువ్వే కూర్చో, నాకు మోకాళ్ళు వంగవు,” అంది.

పీట మీద నేను కూర్చున్నాను. అమ్మ గడప దగ్గర నిలబడి ఒక్కొక్కటీ చెప్పింది. చివరికి వచ్చేసరికి, “రత్నమ్మ లాగే మాదిరి లాగు. ఇంకొంచెం. ఆమె ఇంకా లాగుతాది,” అంది.

ఇంకొంచెం లాగాను.

వాడి ఏడుపు ఆ రోజు వేరేగా ఉంది. మొదట శబ్దమే రాలేదు, నోరు మాత్రం తెరుచుకుంది. చర్మం వెనక్కి వెళ్ళింది. తిరిగి ముందుకు రాలేదు. చుట్టూ దారం కట్టినట్టు ఒక గీత. ఒక చుక్క నెత్తురు నీళ్ళలో కలిసిపోయింది.

“అమ్మా, ఇది ముందుకు రావడం లేదు.”

“వస్తాది లే. సుమ్నే, ఊరికే భయపడొద్దు. కాసేపటికి సర్దుకుంటాది.”

ఒళ్ళు తుడిచి డైపర్ వేశాను. డైపర్ వేశాక కనిపించదు కదా. ఒంటిగంటకు విప్పి చూస్తే కొన ఉబ్బి ఉంది. పిల్లల క్లినిక్‌కు ఫోన్ చేశాను. నాన్న భోజనానికి పైకి వచ్చి, నాకు ఎదురుగా కూర్చొని సాంబారన్నం తింటున్నాడు.

నర్సు కన్నడలో అడిగింది, “ఏమైంది మేడం?”

“బిడ్డకు వాచింది.”

“ఎల్లి?” అంది. ఎక్కడ అని.

నాన్న ముందు ఆ మాట ఎలా అనడం? “కెళగడె,” అన్నాను. కింద అని.

“ఎర్రగా ఉందా?”

“ఉంది.”

“డైపర్ రాష్ మేడం. డైపర్ తీసేసి గాలి తగలనివ్వండి, క్రీము రాయండి. రెండు రోజుల్లో తగ్గకపోతే తీసుకురండి.”

ఫోన్ పెట్టేశాక హాయిగా అనిపించింది. అది ఒప్పుకోవాలి. చదువుకున్న మనిషి ఎవరో రాష్ అన్నారు, కాబట్టి అది రాష్. క్రీము రాశాను. అవతలి మనిషికి నేను చెప్పకుండా దాచిన సంగతి నాకు తెలుసు. ఆమె తప్పేమీ లేదు.

యాభై తొమ్మిదో రోజు

తెల్లవారేసరికి అది నేరేడుపండు రంగుకు తిరిగింది. వాడు పాలు పట్టడం లేదు. రాత్రి నుంచి వేసిన గుడ్డ పొడిగా ఉంది. నేను, అమ్మ ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. దారంతా అమ్మ వాడి తల మీద చెయ్యి తీయలేదు.

డాక్టరుగారు ఒక్క చూపు చూసి మమ్మల్ని వరసలో నిలబడనివ్వలేదు. ఏదో జెల్ రాసి, చల్లటి గుడ్డ చుట్టి, వేళ్ళతో నొక్కి పట్టుకున్నారు. నన్ను కాళ్ళు పట్టుకోమన్నారు. గోడ గడియారంలో ముల్లు ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలియదు. వాడి అరికాళ్ళు నా అరచేతుల్ని తన్నడం మాత్రం ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. చివరికి చర్మం ముందుకు జారింది. ఆ వెంటనే వాడు ఉచ్చ పోశాడు, డాక్టరుగారి చొక్కా మీదే. ఆయన నవ్వి, “ఇదే కావాలి,” అన్నారు.

చేతులు కడుక్కుంటూ అడిగారు. “ఇంట్లో ఎవరైనా వెనక్కి లాగారా?”

“నీళ్ళు పోసే ఆమె,” అన్నాను.

అమ్మ నా వైపు చూసింది. చూసి, వంగి, బిడ్డ టోపీ సరిచేసింది.

రత్నమ్మ కూడా లాగేది, అది అబద్ధం కాదు. ఆ సగం నిజాన్నే పట్టుకొని నేను చాలా నెలలు బతికాను.

డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. పుట్టినప్పుడు ఆ చర్మం లోపలి భాగానికి అతుక్కొనే ఉంటుంది, మన గోరు కింద మాంసం అతుక్కొని ఉన్నట్టు. అది జబ్బు కాదు. దానంతట అదే విడిపోతుంది, కొందరికి మూడేళ్ళకు, కొందరికి పదేళ్ళు దాటాక. అప్పటిదాకా పైన కడిగితే చాలు. లోపల కడగాలని ఎవరూ లాగకూడదు, తల్లి కూడా. ఎప్పుడైనా వెనక్కి వెళ్ళి ముందుకు రాకపోతే రేపటిదాకా ఆగకూడదు, అప్పటికప్పుడు రావాలి.

“నిన్నే వచ్చి ఉంటే?” అని అడిగాను.

“ఇప్పుడు వచ్చారు కదమ్మా,” అన్నారు.

ఆయన మంచివారు. ఆ మంచితనం నాకు నిద్ర లేకుండా చేసింది.

నాలుగో నెల, ఐదో నెల

చిరిగిన చోట మచ్చ కట్టింది. మచ్చ గట్టిపడి రంధ్రం సన్నబడింది. ఉచ్చ పోసేముందు చర్మం బుడగలా ఉబ్బి, తర్వాత సన్నటి దారంలా వచ్చేది. వాడు మొహం ఎర్రగా చేసుకొని ముక్కేవాడు. రెండుసార్లు జ్వరం వచ్చింది, రెండుసార్లూ ఉచ్చలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. పిల్లల సర్జన్ ఒకావిడ పూతమందు రాసి కొన్ని వారాలు చూద్దామన్నారు. రాశాం. తగ్గలేదు. చివరికి ఆ చర్మం తీసేయాలన్నారు. పుట్టుకతో ఉన్న బిగువైతే ఆగి చూసేదాన్ని, ఇది మచ్చ, ఇది వదలదు అని చెప్పారు.

అప్పటికి నేను వైట్‌ఫీల్డ్‌లో మా ఫ్లాట్‌కు వచ్చేశాను. అనంతపురం నుంచి అత్తమ్మ వచ్చి ఉంది.

“తీసేయడమంటే? సున్తీనా?” అంది అత్తమ్మ.

“సర్కమ్‌సిషన్ అంటారమ్మా,” అన్నాడు వినయ్.

“ఇంగ్లీషులో చెప్తే వేరే అవుతాదా? మనింట్లో ఎవరికన్నా ఉండాదా ఇట్లాంటిది? రేపు పెండ్లప్పుడు పిల్ల తరఫోళ్ళకు ఏమని చెప్పల్ల?”

“జాతకంతో పాటు డాక్టర్ రిపోర్ట్ కూడా పంపుదాం లే. ముందు వాడు ఉచ్చ పోయనీ.”

అత్తమ్మ నవ్వలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని, “ఆ ముసల్ది ఎవరోగానీ, దాని చెయ్యి పడిపోను,” అంది.

నేను పాలసీసా కడుగుతున్నాను. కడిగిన సీసానే మళ్ళీ కడిగాను.  అత్తమ్మ ఆ మాట నాలుగైదుసార్లు అంది. అమ్మకు ఫోన్ చేసి కూడా అంది. అమ్మ అవునని అనలేదు, కాదని అనలేదు. కొన్నాళ్ళకు నాన్న మాటల్లో తెలిసింది, మేము మాన్పించింది చూసి నగర్తపేటలో ఇంకో రెండు ఇళ్ళవాళ్ళు కూడా రత్నమ్మను రావొద్దన్నారని. ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదట. వేరేవాళ్ళను పెట్టుకున్నాం అన్నారంతే.

ఆరో నెల, ఆపరేషన్ రోజు

ఆపరేషన్‌కు నాలుగు గంటల ముందు నుంచి పాలు ఇవ్వకూడదన్నారు. వాడు నా రవికె లాగుతున్నాడు. ఆకలికి ఏడ్చి, ఏడ్చి, నా భుజం చీకుతూ పడుకున్నాడు. నా పాలు కారి చీర ముందంతా తడిసింది. వినయ్ కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. మీ వైపు, మీ ఆవిడ వైపు ఎవరికైనా రక్తం ఆగని జబ్బు ఉందా అని రెండుసార్లు అడిగారు. మా మేనమామకు పన్ను పీకినప్పుడు రక్తం ఆగలేదని అప్పుడు గుర్తొచ్చింది. చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పాను. ఇంకో రక్తపరీక్ష చేసి, ఏమీ లేదని తేల్చుకున్నాకే లోపలికి తీసుకున్నారు. ఇలాంటిది చిన్నదనిపించినా మింగకండి.

పక్క కుర్చీలో బురఖా వేసుకున్న ఒకామె, ఒళ్ళో నెలల బిడ్డ. నా చీర చూసి తన దుపట్టా ఒకటి బ్యాగులోంచి తీసి ఇచ్చింది.

“కప్పుకో అక్కా. మాది కదిరి. నా పేరు నూర్జహాన్. మీరు దేనికి వచ్చినారు?”

“ఆపరేషన్. బాబుకు.”

“ఏం ఆపరేషన్?”

“అక్కడ.”

“అక్కడంటే ఎక్కడ?” అని నా మొహం చూసి, అర్థమై, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. “సున్తీనా? అయ్యో అక్కా, మేము బంధువుల్నంతా పిలిచి, బిర్యానీ పెట్టి చేసేదాన్ని నువ్వు నోట్లోనే నమిలి మింగుతా ఉండావే.”

ఎన్ని నెలలైందో, నాకూ నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకొని, ఆగకుండా చెప్పుకుంటూ పోయింది. డైపర్ వదులుగా కట్టాలి. అంటుకోకుండా వ్యాజ్‌లైన్ దట్టంగా పూయాలి. మొదటిసారి ఉచ్చ పోసినప్పుడు మంటకు ఏడుస్తాడు, నువ్వు ఏడవొద్దు.

“మూడో దినం పచ్చగా పొర కడతాది. చీము అనుకొని తుడిచేవు, అది మానే పొర. మా పెద్దోనికి నేనే తుడిచినా. నా ఈ చేత్తోనే. మళ్ళీ రక్తం తెప్పిస్తిని. మా అత్త నన్ను నాలుగు ఇండ్లకు వినపడేటట్లు తిట్టె.” మళ్ళీ నవ్వింది. “వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, రక్తం ఆగకపోయినా, పూటంతా ఉచ్చ పోయకపోయినా అప్పుడు ఉరుకుతా రా.”

నా చెవిలో మిగతావి ఏవీ నిలవలేదు. నేనే తుడిచినా, నా ఈ చేత్తోనే. నలుగురు కూర్చున్న చోట, కొత్త మనిషితో, అంత తేలిగ్గా అంది.

వాడిని బయటికి తెచ్చినప్పుడు మొహం ఉబ్బి, పెదవులు ఎండి, ఎవరి బిడ్డో అన్నట్టు ఉన్నాడు. రొమ్ము నోట్లో పెట్టగానే నా బిడ్డ అయ్యాడు.

తర్వాతి పది రోజులు

మూడో రోజు పచ్చటి పొర కట్టింది. నా వేలు దాని మీదికి రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాను.

ఆ సాయంత్రమే అత్తమ్మ గుడికి వెళ్ళినప్పుడు వినయ్‌కు చెప్పాను. “ఆ రోజు రత్నమ్మ ఊళ్ళో లేదు. లాగింది నేను.”

అతను బిడ్డ గుడ్డలు మడత పెడుతున్నాడు. చేతిలోది మడిచి, ఇంకొకటి తీసుకొని, అదీ మడిచాడు.

“మీ అమ్మకు తెలుసా?”

“పక్కనే ఉంది.”

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బిడ్డ పనులన్నీ చేశాడు, నాకు పళ్ళెంలో అన్నం కూడా పెట్టాడు, మాట్లాడలేదంతే. ఆ మర్నాడు బాల్కనీలో నిలబడి అన్నాడు. “నన్ను అడిగినా లాగమనే చెప్పేవాణ్ణి శ్రావణీ. నాకూ చిన్నప్పుడు అట్లే చేశారట, అమ్మ చెప్పింది. కానీ అమ్మ ఆ ముసలామెను తిడుతుంటే నువ్వు ఎట్లా విన్నావ్?”

 అత్తమ్మకు మరుసటి రోజు నేనే చెప్పాను.  పూజగది తలుపు వేసుకొని చాలాసేపు బయటికి రాలేదు. ‘దాని చెయ్యి పడిపోను’ అన్న తన మాట ఎవరికి తగిలిందో ఆలోచించుకుందనుకుంటాను. వచ్చి, “అన్నం తిన్నావా?” అని అడిగింది.

ఎనిమిదో నెల

నగర్తపేట వెళ్ళినప్పుడు అమ్మ చెప్పింది, రత్నమ్మ రెండు సందుల అవతల ఒక కొత్త కాన్పు ఇంటికి పోతోందని. మగబిడ్డేనట.

అప్పటిదాకా నాకు తట్టనిది అప్పుడు తట్టింది. ఆమెను అందరం మాన్పించాం, లాగకూడదని మాత్రం ఎవరం చెప్పలేదు. నేను చెప్పాలంటే ముందు నా చెయ్యి చూపించాలి.

“వదిలెయ్ పాపా, ఎందుకిప్పుడు?” అంది అమ్మ. తర్వాత తనే చెప్పులు వేసుకుంది. “నేనూ వస్తా. గడప దగ్గర నిలబడి చెప్పింది నేనే కదా.”

రత్నమ్మ ఇంటి ముందర చాప మీద కూర్చొని, నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. బొటనవేలితో నొక్కితే తోలు వెనక్కి జారి పప్పు గిన్నెలో పడుతోంది. నన్ను చూసి, “బిడ్డ ఎట్లుండాడు? నన్ను చూడనీకి రావద్దనిరి గదా,” అంది.

నిలబడే చెప్పాను. చెయ్యి నాదని, నీ పేరు చెప్పానని, నీకు ఇళ్ళు పోయింది నా వల్లేనని. తర్వాత డాక్టరుగారు చెప్పినదంతా చెప్పాను. ఈసారి ‘అక్కడ’ అనలేదు. రత్నమ్మ బిడ్డలతో అనే ఆ ముద్దుపేరే వాడాను, ఆమెకు అర్థం కావాలని. అది అతుక్కొనే ఉంటుంది రత్నమ్మా, లాగకపోయినా మూసుకుపోదు, లాగితేనే చిరిగి మూసుకుపోతుంది.

ఆమె వేలు గింజ మీద ఆగిపోయింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికే వెళ్ళాను.

“ఎంత మందికి పోసినానో,” అంది. “మీ మేనమామకు. పక్క అంగడాయన ఇద్దరు కొడుకులకు. ఇప్పుడు ఆ కొత్త బిడ్డకు, ఈ పొద్దున కూడా.” చేతిలో గింజను పితకకుండా అట్లే పక్కన పెట్టింది. “ఆ ఒక్క తావుకు వచ్చినప్పుడే ఏడుస్తారప్పా అందరూ. నీళ్ళు వేడైనాయేమో అనుకుంటా ఉంటి. ఇంకో చెంబు చన్నీళ్ళు కలుపుతా ఉంటి.”

అమ్మ ఆమె పక్కన చాప మీద కూర్చుంది, వంగని మోకాళ్ళతోనే. నేనూ కూర్చున్నాను. 

ఇప్పుడు వాడికి నీళ్ళు నేనే పోస్తున్నాను. టబ్బులో కూర్చొని చెంబుతో ఆడుకుంటాడు. నా చెయ్యి పొట్ట దాటి కిందికి వెళితే మాత్రం రెండు కాళ్ళూ దగ్గరికి లాక్కుంటాడు. అంత చిన్నప్పటిది గుర్తుండదని అందరూ అంటారు. అప్పుడు నేను చెయ్యి తీసి వాడికి కనపడేలా గాలిలో పెడతాను, వాడు కాళ్ళు చాపేదాకా. ఏ రోజైనా వాడు ఏడిస్తే నీళ్ళు వేడిగా ఉన్నాయా అని చూడను. ముందు నా చెయ్యి ఎక్కడ ఉందో చూసుకుంటాను.